నగారా కాగేదాకా

ఈ ఈ-సంచికకు మమ్మల్ని రాయమన్న వ్యాసం నిజానికి ఒక తగవులోంచి పుట్టింది. ఉత్సవాల ముగింపు రాత్రికి ఏ కార్యక్రమం పెట్టాలా అని కార్యవర్గం కూర్చుంది. చదువుకుంటున్న పిల్లలంతా ఒకే మాటగా బ్యాండు అన్నారు. పెళ్లి ఊరేగింపులో వచ్చే బ్యాండుమేళం కాదు, గిటార్లు, డ్రమ్ములు, కీబోర్డు ఉండే రాక్ బ్యాండు. నంద్యాలలో, కర్నూలులో కాలేజీ ఫెస్టులకు వచ్చే బ్యాండ్లను చూసి వాళ్లకు ఆ మోజు పట్టింది. పెద్దలేమో నగారా అన్నారు. గంటన్నర వాదన జరిగింది. అప్పటిదాకా తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ కూర్చున్న మిడుతూరు వైపు కాకా ఒకాయన చివర్లో ఒక్క మాట అడిగాడు.

"ఏం నాయనా, ఆ బ్యాండోళ్ల పాట మీ ఫోన్లో దొరకదా? దొరుకుతాది గదా. మళ్లా దుడ్లు పెట్టి ఆడికి పొయ్యి నిలబడుకోని వినేది ఎందుకు?"

పిల్లలు జవాబు చెప్పలేదు. వాళ్లే కాదు, మేమూ చెప్పలేకపోయాం. ఫోన్లో ఉన్న పాటనే జనం ఎగబడి పోయి ఎందుకు వింటారు? ఆ ప్రశ్నకు జవాబు వెతకబోయి మా తండాల చరిత్రలోకే పోవలసి వచ్చింది.

ముందు పిల్లల మాట విందామని మాలో కొందరం వాళ్లతో కలిసి ఒక కాలేజీ మైదానానికి వెళ్లాం. చీకటి పడ్డాక ఐదుగురు కుర్రవాళ్లు వేదికెక్కారు. మొదటి పది నిమిషాలు వైర్లు సర్దుకోవడానికే సరిపోయాయి. "హలో, చెక్, చెక్" తప్ప ఇంకేమీ లేదు. మాకు విసుగొచ్చింది కానీ చుట్టూ ఉన్న పిల్లలకు రాలేదు. ఆ సర్దుబాటు కూడా ఆటలో భాగమే అన్నట్టు చూస్తున్నారు. తర్వాత పాట మొదలైంది. బేస్ గిటారు దెబ్బ చెవికన్నా ముందు రొమ్ముకు తగిలింది. మాటలు మాకు సగం అర్థం కాలేదు. నడుమ పాడేవాడు ఆగిపోయి మైకు జనం వైపు తిప్పాడు. వెయ్యి గొంతులు ఆ చరణం పూర్తి చేశాయి. అప్పుడు డ్రమ్ముల కుర్రవాడు వేగం పెంచాడు. ఫోన్లో నాలుగు నిమిషాలుండే ఆ పాట అక్కడ పావుగంట సాగింది. ఒకచోట గిటారు శ్రుతి తప్పింది. వాయించేవాడు నవ్వాడు, జనమూ నవ్వారు, పాట మాత్రం ఆగలేదు. మాతో వచ్చిన కాకా తిరుగు దారిలో ఆటోలో కూర్చుని, "ఇది లేంగీనే గదప్పా," అన్నాడు.

ఆయన అన్నది ఎంతవరకు నిజం? లేంగీ అంటే ఏమిటో తెలియనివాళ్లూ ఈ సంచిక చదువుతారు కాబట్టి కొంచెం వెనక నుంచి చెప్పుకొస్తాం.

రాయలసీమలో మమ్మల్ని సుగాలీలు అంటారు, తెలంగాణలో లంబాడాలు అంటారు. మాలో మేము గోర్ అనుకుంటాం. మా గోర్ బోలీ రాజస్థానీ భాషలకు చుట్టం. దానికి సొంత లిపి లేదు. 17వ శతాబ్దంలో మొగలుల సైన్యాలు దక్కనుకు దిగినప్పుడు వాటికి ధాన్యం మోసింది బంజారా బిడారులు. తర్వాత 1790లలో మైసూరు యుద్ధాల్లో ఇంగ్లీషు సైన్యాలు కూడా తిండిగింజలకు వాళ్ల మీదే ఆధారపడ్డాయి. యుద్ధాలు లేని కాలంలో ఉప్పు, ధాన్యం, పత్తి మోసేవాళ్లు. సముద్రతీరం నుంచి ఉప్పు నల్లమల కనుమలు దాటి ఈ సీమకు పెరికెద్దుల మీదే వచ్చేది. కంభం వైపు నుంచి నంద్యాలకు దారి నంది కనుమ. వందల ఎద్దులు ఒకదాని వెనక ఒకటి నడిచే ఆ బిడారులో ముందు నడిచే ఎద్దుకు గవ్వలు, అద్దాలు, గంటలు కట్టేవాళ్లు. దుమ్ములో వెనక ఎద్దుకు ముందు ఎద్దు కనపడదు, గంట మాత్రం వినపడుతుంది. మా పాటలో లయ ఎక్కడిదని అడిగితే మా పెద్దలు చెప్పే మొదటి మాట ఆ గంటే. నమ్మినా నమ్మకపోయినా, పాతకాలపు నగారా దరువును ఒకసారి నెమ్మదిగా వింటే ఎద్దు నడక గుర్తుకు రాకపోదు.

మిడుతూరు మండలంలో ఉన్న రోళ్లపాడు గడ్డిమైదానం చాలామందికి బట్టమేక పిట్ట వల్ల తెలుసు. 1988లో దాన్ని పక్షుల అభయారణ్యం చేశారు. ఆ పిట్ట ఇప్పుడు అక్కడ కనపడటమే గగనమైపోయింది. మిడుతూరు చుట్టూ ఉన్నవి నల్లరేగడి చేలు. పత్తి, శనగ, జొన్న పండుతాయి. అటు కె.సి. కాలువ నీళ్లు, ఇటు వాన కోసం ఎదురుచూపులు. ఎద్దులు పోయాక మావాళ్లు ఈ చేలల్లోనే కూలికి దిగారు.

ఎద్దులు ఎందుకు పోయాయి? 1890 నాటికి గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా నల్లమల కొండల్ని దాటి బెజవాడకు రైలు పడింది. రైలు ఒక్క రోజులో మోసే ఉప్పును బిడారు నెలల తరబడి మోయాలి. ఉప్పు మీద సర్కారు పన్ను, అడవి మీద సర్కారు చట్టం ముందే వచ్చాయి. బతుకుతెరువు పోయిన సంచార జాతుల మీద 1871 నాటి నేరస్థ జాతుల చట్టం పడింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. పేరు రాయించుకున్నవాళ్లు చెప్పిన వేళకు హాజరు పలకాలి, ఊరు దాటితే చెప్పి దాటాలి. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకు, 1952 ఆగస్టు 31న గానీ ఆ చట్టం పోలేదు. ఆ కాలంలో రాత్రిపూట నలుగురు గుమిగూడి నగారా కొడితే ఊరివాళ్లకు అనుమానం, పోలీసులకు కోపం అని మా తాతలు చెప్పగా విన్నాం. హోలీ పండగ పేరు చెప్పి ఆ ఒక్క రాత్రి వదిలేసేవాళ్లట. ఆ రాత్రికి అంత విలువ ఎందుకొచ్చిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక లేంగీ. ఫాల్గుణ పున్నమికి పాడే పాట అది. శివరాత్రి దాటింది మొదలు తండాలో సాయంత్రాలు సాధన మొదలవుతుంది. మగవాళ్లు గేరియాలు, ఆడవాళ్లు గేర్ణీలు. రెండు జట్లు కడతారు. ఒక జట్టు ఒక పాదం అందుకుంటే రెండో జట్టు తిరిగి పలుకుతుంది. నగారా నడుమ ఉంటుంది. పక్కన బోర్లించిన కుండ మీద కంచు తళియ పెట్టి పుల్లతో కొడతారు. నగారా మోత నేలను అదిరిస్తే తళియ మోత గాలిలో మెరుస్తుంది. వాద్యాలు ఈ రెండే. శ్రుతి పెట్టె లేదు, మైకు లేదు.

నగారా గురించి తెలియనివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. దాన్ని తెచ్చి పెట్టగానే కొట్టలేం. తోలు చల్లబడి వదులుగా ఉంటుంది, కొడితే బొద్దుగా పలుకుతుంది. మంట వేసి, దగ్గర పెట్టి తిప్పుతూ కాగబెట్టాలి. తక్కువ కాగితే పలకదు, ఎక్కువ కాగితే పగులుతుంది. ఎంత కాగిందో వాయించేవాడు వేలితో తట్టి చూస్తాడు. ఈ అరగంటలో జనం ఒకరొకరుగా వచ్చి మంట చుట్టూ చేరతారు. పిల్లలు నిద్ర మానుకుని వస్తారు. ముసలివాళ్లు బీడీ ముట్టిస్తారు. నాయక్, కారభారి వచ్చి కూర్చుంటారు. తోలు బిగుసుకునే లోపల జనం కూడా బిగుసుకుంటారు. కాలేజీ మైదానంలో "చెక్, చెక్" విని పిల్లలకు విసుగు రాకపోవడం చూసి మాకు గుర్తొచ్చింది ఇదే. నడిరాత్రి మంచుకు తోలు మళ్లీ వదులవుతుంది. మళ్లీ కాగబెట్టాలి. ఆ విరామంలో తగవులు, నవ్వులాటలు, పెళ్లి మాటలు. రెండోసారి కాగిన నగారా మొదటిసారి పలికినట్టు పలకదు, కొంచెం పైకి పలుకుతుంది. పాడేవాళ్లు గొంతు దానికి తగ్గట్టు ఎత్తుకోవాలి. కాబట్టి ఏ రెండు హోలీలూ ఒక్కలా ఉండవు. ఒకే హోలీలో మొదటి జాము, మూడో జాము కూడా ఒక్కలా ఉండవు.

ఇంకో సంగతి మాటలది. లేంగీలో సగం పాత పాదాలు, సగం అప్పటికప్పుడు కట్టేవి. ఆ ఏడు తండాలో ఏం జరిగితే అది పాటలోకి వస్తుంది. ఎవరి బర్రె ఎవరి చేలో పడింది, ఎవడు అత్తగారింట్లో మూడు నెలలు తిష్ట వేశాడు, బోరు వేయిస్తానన్న నాయకుడు మళ్లీ కనపడ్డాడా. పేరు పెట్టి పాడరు, సైగ చేసి పాడతారు. కానీ అందరి చూపులూ ఆ మనిషి వైపే తిరుగుతాయి. హోలీనాడు కోపం తెచ్చుకోకూడదు. తెచ్చుకున్నవాడి మీద రెండో పాదం పడుతుంది. వినేవాడు ఎంతసేపైనా కదలకుండా కూర్చునేది ఇందుకే. తన వంతు ఎప్పుడొస్తుందో అని భయం, రాకపోతే లెక్కలో లేనేమో అని ఇంకో భయం. ఫోన్లో ఉన్న పాటకు మనం అక్కడ ఉన్నామని తెలియదు. ఈ పాటకు తెలుసు. కాకా ప్రశ్నకు మాకు దొరికిన జవాబుల్లో గట్టిది ఇదేననిపిస్తుంది.

హోలీ తెల్లవారి ఢూండ్ జరుగుతుంది. ఆ ఏడు మగబిడ్డ పుట్టిన ఇంటి ముందు పాడి బిడ్డను దీవిస్తారు. తినుబండారాల పాత్రను గుంజకు కట్టి ఆడవాళ్లు కర్రలు పట్టుకుని కాపలా కాస్తే మగవాళ్లు దెబ్బలు తింటూ దాన్ని లాక్కోవాలి. చూడటానికి వచ్చిన బయటివాళ్లు దీన్ని కొట్లాట అనుకున్న సందర్భాలూ ఉన్నాయి.

ఆడవాళ్ల పాటల గురించి మగవాళ్లు రాయడం ఎప్పుడూ తక్కువే. మా సంఘంలోని అక్కలు ఈ వ్యాసం మొదటి ప్రతి చూసి అదే అన్నారు. శ్రావణంలో తీజ్ పండగకు పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోసి పెంచుతారు. ప్రతి సాయంత్రం బుట్టల చుట్టూ తిరుగుతూ పాడతారు. దానికి నగారా అక్కరలేదు. చప్పట్లు, కాళ్ల కడియాలు చాలు. దీపావళికి మేరా. ఆడపిల్లలు దీపాలు పట్టుకుని ఇంటింటికీ పోయి పాడి దీవెనలు అడుగుతారు. పెళ్లిలో ఢావలో అని ఒకటుంది. అత్తగారింటికి పోయే పిల్ల తల్లిని, తోబుట్టువులను, స్నేహితురాళ్లను ఒక్కొక్కరినీ పట్టుకుని పాటలోనే ఏడుస్తుంది. ఏడుపుకు రాగం ఉంటుంది, మాటలుంటాయి. పాతకాలంలో పెళ్లికూతురిని ఎద్దు వీపు మీద నిలబెట్టి పుట్టింటివాళ్లను దీవిస్తూ పాడించేవాళ్లు, దాన్ని హవేలీ అంటారు. ఈ పాటలు నేర్పించడానికి ముసలమ్మలు కొన్ని వారాల ముందే పిల్లను కూర్చోబెట్టుకునేవాళ్లు.

కొన్నేళ్ల కిందట మాలో ఒకరి ఇంట పెళ్లిలో ఎవరో కుర్రవాడు ఢావలోను ఫోన్లో రికార్డు చేశాడు. మంచి ఉద్దేశంతోనే చేశాడు. నెల తర్వాత ఇంట్లో కూర్చుని దాన్ని పెట్టాడు. పిల్ల తల్లి, మేము యాడి అని పిలిచే ఆమె, వంటింట్లోంచి వచ్చి, "ఆపు బాబూ," అంది. అతను ఆపలేదు. ఆమె ఫోను లాక్కుని బియ్యం డబ్బాలో వేసి మూత పెట్టింది. అందులో పాట కాసేపు మోగుతూనే ఉంది. ఆ రోజు ఏడ్చిన తల్లే నెల తర్వాత అదే గొంతు వినలేకపోయింది. దానికి కారణం మేము చెప్పబోం. చదివేవాళ్లకు తెలుసు.

ఈ సీమలో ఎదురుగా నిలబడి వినే పాటకు మేమొక్కరమే వారసులం కాము. ఆళ్లగడ్డ దగ్గర అహోబిలంలో కనుమ పండగ నాడు పారువేట మొదలవుతుంది. చెంచులక్ష్మిని పెళ్లాడిన నరసింహస్వామి చెంచులకు బావ. పల్లకి కదిలే ముందు చెంచులు బాణాలు వేస్తారు. అక్కడి నుంచి నలభై రోజులకు పైగా పల్లకి ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతుంది, తన కల్యాణానికి తానే పిలవడానికి వచ్చినట్టు. గుళ్లో కదలకుండా ఉండే దేవుణ్ణి ఎప్పుడైనా చూడవచ్చు. అయినా ఆయన వీధికి వచ్చిన రోజు ఊరు ఊరంతా రాత్రంతా మేలుకుంటుంది. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ పుస్తకాల్లోకి రాకముందే పాటగా ఊరూరా తిరిగింది. అచ్చులో ఆ కథ చదివినవారికన్నా రచ్చబండ దగ్గర విన్నవారే ఎక్కువ. కృష్ణకు అవతలి ఒడ్డున లింగాల వైపు దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథలు పాడేవారు. 2021లో భీమ్లా నాయక్ సినిమా పాటకు గొంతిచ్చాక, 2022లో పద్మశ్రీ వచ్చాక దేశానికి తెలిశారు. ఆయన కిన్నెరకు గిటారు మెట్లకు ఉన్న పోలిక చూసి మా పిల్లలు ఆశ్చర్యపోయారు. పెద్దలు ఆశ్చర్యపోలేదు.

అసలు రాక్ ఎక్కడిది? ఇది వెతికినప్పుడు మా కార్యవర్గంలో వాతావరణమే మారిపోయింది. అమెరికాలో మిసిసిపీ పత్తి చేలల్లో బానిసలుగా, తర్వాత కౌలు కూలీలుగా బతికిన నల్లవారి పాటల్లో దాని వేరు ఉంది. ఒకడు పాదం అందుకుంటే మిగతావాళ్లు తిరిగి పలకడం ఆ పాటల పద్ధతి. 1941లో అలన్ లోమాక్స్ అనే పాటల సేకర్త క్లార్క్స్‌డేల్ దగ్గరి ఒక పత్తి కమతానికి వెళ్లి అక్కడి ట్రాక్టర్ నడిపే కూలీ పాట రికార్డు చేశాడు. ఆ కూలీ 1943లో షికాగో నగరానికి వలసపోయాడు. అక్కడి తాగుడు దుకాణాల గోలలో మామూలు గిటారు వినపడక కరెంటు గిటారు పట్టాడు. ఆయనే మడ్డీ వాటర్స్. ఆయన పాట పేరునే తమ పేరుగా పెట్టుకుని ఇంగ్లండులో రోలింగ్ స్టోన్స్ బ్యాండు పుట్టింది. అంటే కరెంటు గిటారు ఆ బ్లూస్ పాటలోకి గొప్పకు రాలేదు, గోలలో వినపడటానికి వచ్చింది. ఇది చదివి వినిపించినప్పుడు కాకా, "ఆళ్లదీ పత్తి చేనేనా?" అని అడిగాడు. అవునన్నాం. మిడుతూరు చేలల్లో పత్తి తీసేటప్పుడు మా ఆడవాళ్లు సాళ్ల మీద ఒకరికొకరు అందించుకునే పాట ఆయనకు గుర్తొచ్చినట్టుంది. ఆ తర్వాత బ్యాండు అంటే ఆయన మొహం చిట్లించుకోవడం మానేశాడు.

మన దేశంలో ఈ రెండు దారులూ కలిసిన చోట్లున్నాయి. ఢిల్లీలో 1990లో మొదలైన ఇండియన్ ఓషన్ బ్యాండు నర్మదా తీరపు జానపదాన్ని వేదికల మీదికి తెచ్చింది. చెన్నైలో సినీ దర్శకుడు పా. రంజిత్, సంగీతకారుడు తెన్మా కూడగట్టిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ 2018 జనవరిలో మొదటి కచేరి చేసింది. చావు ఇళ్ల దగ్గర పాడే గానా పాటను, పరై డప్పును గిటార్ల పక్కన నిలబెట్టింది. వేల మంది వచ్చి విన్నారు. హైదరాబాదులో రామ్ మిరియాల తదితరుల చౌరస్తా బ్యాండు తెలుగు జానపదానికి రెగె దరువు జోడించింది. మన గడ్డ నుంచే చెప్పాలంటే గుత్తి దగ్గర బసినేపల్లి తండా ఆడపిల్ల సత్యవతి రాథోడ్, మంగ్లీ పేరుతో ఇప్పుడు ఏ ఊరి వేదికెక్కినా మైదానం నిండుతోంది. సేవాలాల్ మహరాజ్ పుట్టిన చోటుగా మనం మొక్కే సేవాగఢ్ కూడా ఆ గుత్తి మండలంలోనే ఉంది. ఆమెకు సంగీత కళాశాల చదువుంది. అంతకన్నా ముందు తండా ఉంది.

ఇంత రాశాక మా సంగతి దాచుకోవడం తగదు. మిడుతూరు చుట్టుపక్కల మేము తిరిగి చూసిన తండాల్లో నగారా వాయించగలవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా లేరు. ఒక తండాలో నగారా ఉంది, తోలు లేదు. దాన్ని బోర్లించి కోళ్లను మూస్తున్నారు. ఇంకోచోట తళియ ఉంది, కుండ మీద పెట్టి కొట్టడం తెలిసిన ముసలాయనకు పక్షవాతం. హోలీకి డీజే పెట్టె వస్తోంది. దానికి ఇచ్చే అద్దెతో నగారాకు రెండు సార్లు తోలు మూయించవచ్చు. డీజేను తిట్టడం తేలిక కానీ పిల్లలు దాని ముందు ఎగురుతున్నారంటే ఆ దెబ్బ రొమ్ముకు తగలడం వాళ్లకు కావాలి, అది నగారా ఇచ్చేదే. మనం ఇవ్వలేకపోయాం కాబట్టి పెట్టె ఇస్తోంది. తప్పు మాదీ ఉంది. పిల్లల్ని హాస్టళ్లలో వేసి, గోర్ బోలీ మాట్లాడితే వెక్కిరిస్తారని ఇంట్లో కూడా తెలుగే మాట్లాడినవాళ్లం మేమే. భాష రాని పిల్లకు లేంగీలో సైగ ఎలా తెలుస్తుంది?

వేదిక కూడా అన్నిసార్లూ మేలు చేయలేదు. ఒకసారి ఒక ప్రభుత్వ ఉత్సవానికి మా జట్టును పిలిచారు. అద్దాల పేటియా, కాంచళీ వేసుకుని రమ్మన్నారు. ఎండలో నాలుగు గంటలు కూర్చోబెట్టి ఐదు నిమిషాలు ఇచ్చారు. నగారా కాగబెట్టుకోవడానికి మంట వేస్తామంటే వేదిక దగ్గర నిప్పు వద్దన్నారు. చల్లటి తోలు మీద కొట్టి, బొద్దుగా పలికించి, శాలువా కప్పించుకుని వచ్చాం. ఆ రోజు చూసినవాళ్లు సుగాలీల వాద్యం ఇంతేనా అనుకుని ఉంటారు. వాళ్లను తప్పుపట్టలేం.

రెండేళ్ల కిందటి హోలీ ముచ్చట ఒకటి చెప్పాలి. మా తండాల్లో ఒకదానికి డీజే వచ్చింది. రాత్రి తొమ్మిదిన్నరకు జనరేటరు ఆగిపోయింది. డీజిల్ కోసం బండి మీద నందికొట్కూరు వైపు పోయినవాడు ఎంతకీ రాలేదు. చీకట్లో పిల్లలు ఫోన్ లైట్లు వేసుకుని నిలబడ్డారు. ఒక ముసలాయన లేచి ఇంట్లోంచి నగారా దొర్లించుకుంటూ తెచ్చాడు. ఎవరో జొన్నచొప్ప తెచ్చి మంట పెట్టారు. కాగేదాకా ఎవరూ ఇళ్లకు పోలేదు, చీకట్లో పోవడానికి ఇంకెక్కడా లేదు కూడా. దరువు మొదలయ్యాక ఆయన పాడిన మొదటి పాదం డీజిల్‌కు పోయి రాని కుర్రవాడి మీద. గోర్ బోలీ సరిగా రాని పిల్లలు కూడా ఆ మాట మటుకు పట్టుకున్నారు. తిరిగి పలికారు. ఇంకో పాదం, ఇంకోటి. పదకొండున్నరకు డీజిల్ వచ్చింది. జనరేటరు వేసే మాట ఎవరూ ఎత్తలేదు. డీజే అతను కూడా తన పెట్టె మీద కూర్చుని విన్నాడు. పొద్దున డబ్బులు మాత్రం పూర్తిగానే తీసుకున్నాడు.

అయినా మరుసటి హోలీకి మళ్లీ డీజేనే వచ్చింది. అది కూడా రాయాలి.

ముగింపు రాత్రి కార్యక్రమం సంగతికి వస్తే, చివరికి కార్యవర్గం రెండూ పెట్టాలని తీర్మానించింది. బ్యాండు కుర్రవాళ్లలో ఇద్దరు మా పిల్లల స్నేహితులే. సాధనకు తండాకు వచ్చారు. మొదటి రోజు పెద్ద గందరగోళం. డ్రమ్ముల కుర్రవాడు నగారా దరువును నాలుగుగా లెక్కపెట్టబోయాడు, అది ఒదగలేదు. ఎన్నని అడిగితే కాకా, "ఎన్నని ఎవరు లెక్కబెట్టినారప్పా, ఎద్దు నడుస్తాంది, దాని ఎమ్మడి నువ్వు నడువు," అన్నాడు. రెండో రోజు కాకా అలిగాడు. పాట ఆరు నిమిషాల్లో అయిపోవాలంటారేమిటని. మూడో రోజు ఆ కుర్రవాడు తన పుల్లలు పక్కన పెట్టి కాకా చేతి వైపే చూస్తూ అరగంట కూర్చున్నాడు. ఆ తర్వాత కలిసింది. పూర్తిగా కాదు, కొన్నిచోట్ల.

ఇప్పటికి తేలని పని ఒకటే. కోళ్ల మీద బోర్లించిన ఆ నగారాను అడిగి తెచ్చాం. తోలు మూసే మనిషి కోసం వెతుకుతున్నాం. వేదిక పక్కన మంట వేసుకోవడానికి మైదానంవాళ్లు ఒప్పుకున్నారు, పక్కన రెండు బిందెల నీళ్లు పెట్టుకోవాలన్న షరతు మీద. కార్యక్రమం ఏడున్నరకని కరపత్రంలో వేస్తున్నాం. రాదలచుకున్నవాళ్లు ఏడింటికే రండి, నగారా కాగబెట్టేది అప్పుడే.